ఆకాశం వార్తల్లో దూరం కూడా వెయ్యండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్ నేను రోజూ చదువుతా. సినిమా పేజీ అయినా వదిలేస్తానేమో గానీ ఆకాశం గురించి అర కాలమ్ వార్త ఉన్నా వదలను, అందుకే ఈ ఉత్తరం. మీ ఒక్క పేపర్ మీద కంప్లైంట్ అనుకోకండి, టీవీ వాళ్ళూ యూట్యూబ్ వాళ్ళూ ఈ విషయంలో మీకంటే నాలుగాకులు ఎక్కువే చదివారు.

విషయం ఏంటంటే, "భూమి వైపు దూసుకొస్తున్న భారీ ఉల్క" అని హెడ్డింగ్ ఉంటది, కింద చదివితే అది ఉల్క కాదు గ్రహశకలం, అంటే సూర్యుడి చుట్టూ తిరిగే రాయి, పక్కన ఫొటో చూస్తే మంటలు కక్కుతున్న తోకచుక్క, మధ్యలో ఎక్కడో "కాంతి సంవత్సరాల కిందట పుట్టిన" అని ఒక ముక్క. ఒక్క వార్తలో ఇన్ని కలిపేస్తే చదివేవాడికి ఏం అర్థమవుతుంది చెప్పండి. సైజ్ మాత్రం మర్చిపోకుండా వేస్తారు, స్టేడియం అంత, విమానం అంత, ఇన్ని ఏనుగులంత అని. అది ఎంత దూరంలోంచి పోతోందో మాత్రం ఉండదు, ఉన్నా చివరి లైన్లో మైళ్ళలో ఉంటది.

నాకు అనిపించేది ఏంటంటే ఈ గందరగోళం మొత్తానికీ మూలం దూరం. తలెత్తి చూస్తే అన్నీ ఒకే ఎత్తులో ఉన్నట్టు కనిపిస్తాయి, కంటికి లోతు తెలియదు. రాలిపోయే చుక్క, అంటే ఉల్క, మన నెత్తిన 100 కి.మీ ఎత్తులో ఉంటది, స్పేస్ స్టేషన్ 400 కి.మీ, చందమామ 3 లక్షల 84 వేల కి.మీ, తెల్లవారుజామున మెరిసే వేగుచుక్క, అంటే శుక్రగ్రహం, బాగా దగ్గరికి వచ్చినప్పుడు కూడా సుమారు 4 కోట్ల కి.మీ, ఇక అసలు నక్షత్రాల దగ్గరికి వచ్చేసరికి కిలోమీటర్లు పనికిరావు, రాత్రి ఆకాశంలో అన్నిటికంటే ఎక్కువ మెరిసే నక్షత్రం సిరియస్ 8.6 కాంతి సంవత్సరాలు. ఇవన్నీ ఒకే రాత్రి పక్కపక్కన కనిపిస్తాయి. ఏది ఎంత దూరమో పక్కన రాస్తే సగం భయాలు, సగం తప్పులు వాటంతటవే పోతాయి.

కాంతి సంవత్సరం అనేది టైమ్ కాదు దూరం అని బళ్ళోనే చెప్పారు, అయినా "కాంతి సంవత్సరాల కిందట" అని పేపర్లలో కనిపిస్తూనే ఉంటది. కాంతి సెకనుకి దాదాపు 3 లక్షల కి.మీ పోతుంది, అలా ఏడాది పాటు ఆగకుండా పోతే ఎంత దూరమో అది, సుమారు 9 లక్షల 46 వేల కోట్ల కి.మీ. సూర్యుడి వెలుగు మనదాకా రావడానికి 8 నిమిషాల 20 సెకన్లు పడితే, సూర్యుడి తర్వాత మనకి అన్నిటికంటే దగ్గర నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ నుంచి రావడానికి 4 ఏళ్ళ పైన. 1977లో పంపిన వాయేజర్-1 అనే అంతరిక్ష నౌక సెకనుకి 17 కి.మీ వేగంతో పోతా ఉంది కదా, అంత దూరం వెళ్ళాలంటే దానికి 70 వేల ఏళ్ళు పైనే పడుతుంది, పైగా అది అటు వైపు పోవట్లేదు కూడా.

దూరం తెలియకపోతే టైమ్ కూడా తప్పుతుంది. ఆర్ద్ర నక్షత్రం, అదే బీటెల్‌గూస్, 2019 చివర్లో మసకబారితే "ఇవాళో రేపో పేలిపోతుంది" అని ఎన్ని వార్తలు వచ్చాయో గుర్తుందా. అది మనకి సుమారు 500 నుంచి 700 కాంతి సంవత్సరాల దూరం, కాబట్టి మనం చూసిన ఆ మసక అన్నేళ్ళ కిందటిది. తర్వాత తేలింది ఏంటంటే ఆ నక్షత్రం తనే కక్కిన దుమ్ము మబ్బులా మారి దాన్ని కొంచెం కప్పింది, 2020 ఫిబ్రవరి దాటాక మళ్ళీ వెలుగు పుంజుకుంది. అది ఏదో ఒకనాడు పేలడం ఖాయమే, కానీ నక్షత్రాల లెక్కలో "త్వరలో" అంటే లక్ష ఏళ్ళు కూడా త్వరలోనే. పేలినా అంత దూరం నుంచి మనకి ఏమీ కాదు, కొన్నాళ్ళు పగలు కూడా చుక్క కనిపిస్తుంది అంతే. ఈ రెండు లైన్లు వార్తలో ఉంటే ఎవరూ కంగారుపడరు, కాకపోతే హెడ్డింగ్‌కి ఊపు తగ్గుతుంది అనుకోండి.

ఇక ఉల్కల దగ్గరికి వస్తా. ఇవి చాలావరకు ఇసుక రేణువంత, మహా అయితే గులకరాయంత ఉంటాయి, సెకనుకి 11 నుంచి 72 కి.మీ వేగంతో గాల్లోకి దూరతాయి, ఆ స్పీడ్‌కి ముందున్న గాలి నలిగి విపరీతంగా వేడెక్కి వెలుగుతుంది, ఆ గీతే మనం చూసేది, సెకను కూడా ఉండదు. ఏటా ఆగస్టు 12, 13 ప్రాంతంలో వచ్చే పెర్సీడ్స్ అనే ఉల్కల వాన స్విఫ్ట్-టటిల్ అనే తోకచుక్క వదిలిపోయిన చెత్త, డిసెంబర్ 13, 14కి వచ్చే జెమినిడ్స్ ఫేథాన్ అనే గ్రహశకలం వదిలింది. భూమి ఏటా అదే చోటికి వచ్చి ఆ దుమ్ము దారిలోంచి వెళ్తుంది కాబట్టే అదే తేదీల్లో పడతాయి, ఇందులో ఎవరి మీదా ఏదీ దూసుకురావట్లేదు.

దీనిమీద మీకు ఇంకో రిక్వెస్ట్ ఉంది సార్. "గంటకి 120 ఉల్కలు, ఆకాశంలో బాణసంచా" అని రాస్తారు, జనం డాబా ఎక్కి అరగంట చూసి మూడు కనిపిస్తే మీరు అబద్ధం రాశారు అనుకుని కిందకి దిగిపోతారు. ఆ 120 అనే లెక్క ఎలా కడతారంటే, పూర్తి చీకటి, మబ్బు లేదు, ఉల్కలు ఏ వైపు నుంచి వస్తున్నట్టు కనిపిస్తాయో ఆ చోటు సరిగ్గా నడినెత్తిన ఉంది అనుకుని వేస్తారు. లైట్లున్న చోట, నిండు చందమామ ఉన్న రాత్రి అందులో పదో వంతు కనిపించినా గొప్పే. అర్ధరాత్రి దాటాక చూడమని కూడా రాయండి, భూమి సూర్యుడి చుట్టూ సెకనుకి 30 కి.మీ వేగంతో పోతుంది కదా, అర్ధరాత్రి దాటాక మనం ఉన్న వైపు ఆ ప్రయాణానికి ముందు వైపుకి తిరుగుతుంది, అందుకే అప్పుడు ఎక్కువ తగులుతాయి. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి ఒక ఇరవై నిమిషాలు, ఆ ఇరవై నిమిషాలు ఫోన్ చూడకూడదు, మనవాళ్ళకి అది అన్నిటికంటే కష్టం.

చెప్పడం మర్చిపోయా, నాలుగైదు నిమిషాలు నిలకడగా, మిణుకుమనకుండా, ఆకాశం ఒక వైపు నుంచి ఇంకో వైపుకి జారుతూ పోయి మధ్యలో మెల్లగా మాయమైతే అది ఉల్క కాదు స్పేస్ స్టేషన్, భూమి నీడలోకి వెళ్ళింది అంతే. బారులు తీరి పోతే స్టార్‌లింక్ శాటిలైట్లు. "ఆకాశంలో వింత వెలుగులు" అని మీకు వచ్చే ఫోన్ కాల్స్‌లో సగం ఇవే అయ్యుంటాయి.

తోకచుక్క దీనికి పూర్తిగా వేరు. అది జుయ్యిమని పోదు. కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటది కాబట్టి ఒక రాత్రంతా చూసినా ఒకేచోట వేలాడుతున్నట్టే ఉంటది, మర్నాడు చూస్తే పక్క చుక్కలతో పోలిస్తే కాస్త జరిగి ఉంటది. మంటలు అసలు ఉండవు, మంచూ దుమ్మూ కలిసిన ముద్ద అది, సూర్యుడి దగ్గరికి వస్తే వేడికి మంచు నీళ్ళవ్వకుండానే నేరుగా గ్యాస్ అయిపోతుంది, దుమ్ముని లాక్కుని బయటికి చిమ్ముతుంది. హేలీ తోకచుక్క అసలు ముద్ద పొడవు 15 కి.మీ అయితే తోక కోట్ల కి.మీ. ఆ తోక అది పోయే దారికి వెనకే ఉంటుందని బొమ్మలు వేసేవాళ్ళు అనుకుంటారు, కానీ సూర్యుడి వెలుగూ, సూర్యుడి నుంచి వచ్చే కణాల ప్రవాహం అంటే సౌరగాలీ దాన్ని తోస్తాయి కాబట్టి తోక ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కునే ఉంటది, అంటే సూర్యుణ్ణి చుట్టి తిరిగి వెళ్ళేటప్పుడు తోక ముందు, తల వెనక. మీ ఆర్టిస్ట్ గారికి ఈ ఒక్క ముక్క చెప్పండి చాలు.

2025 జులై 1న చిలీలో ఉన్న అట్లాస్ టెలిస్కోప్‌కి దొరికిన 3ఐ/అట్లాస్ అనే తోకచుక్క విషయంలో జరిగింది చూశాం కదా. మన సూర్యుడి కుటుంబం బయట నుంచి వచ్చిన వాటిలో మనకి తెలిసింది అది మూడోది, 2017లో ఔమువామువా, 2019లో బోరిసోవ్ దానికి ముందు. ఎంత గొప్ప వార్త అసలు, ఎక్కడో వేరే నక్షత్రం దగ్గర పుట్టిన మంచుముద్ద మన ఇంటి ముందు నుంచి పోతోంది అని. దాన్ని వదిలేసి గ్రహాంతరవాసుల ఓడ అని, భూమికి ముప్పు అని ఊదరగొట్టారు. అది భూమికి ఎంత దగ్గరికి వచ్చినా 27 కోట్ల కి.మీ దూరం, అంటే సూర్యుడికంటే దాదాపు రెండింతలు దూరం. ఈ ఒక్క నంబర్ హెడ్డింగ్ కింద ఉంటే ఆ వాట్సాప్ ఫార్వర్డులు పుట్టేవే కావు.

గ్రహశకలాల వార్తలు అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేవి కాబట్టి దీనిమీద కొంచెం ఎక్కువ రాస్తా, ఏమనుకోకండి. "ప్రమాదకర గ్రహశకలం" అని మీరు రాసేది సైంటిస్టులు వాడే ఒక కేటగిరీ పేరు. సైజ్ దాదాపు 140 మీటర్లు దాటి, దాని కక్ష్య భూమి కక్ష్యకి 75 లక్షల కి.మీ లోపు వస్తే ఆ లిస్టులో వేస్తారు, అంతేగాని అది తగులుతుందని కాదు. 75 లక్షల కి.మీ అంటే చందమామ దూరానికి ఇరవై రెట్లకి కొంచెం తక్కువ. అలాగని లిస్టులో లేనివి ఏమీ చెయ్యవని కూడా కాదు, 2013 ఫిబ్రవరి 15న రష్యాలో చెల్యాబిన్‌స్క్ మీద పేలింది 20 మీటర్లదే, ముందుగా ఎవరూ చూడలేదు, సూర్యుడి వైపు నుంచి వచ్చింది. దాదాపు 1500 మందికి దెబ్బలు తగిలాయి, ఎక్కువ మందికి కిటికీ అద్దాలు పగిలి తగిలినవే, వెలుగు చూసి ఏంటా అని కిటికీ దగ్గరికి వెళ్ళారు, పేలుడు ధ్వని తర్వాత వచ్చి అద్దాలు పగలగొట్టింది. ఆకాశంలో పెద్ద వెలుగు కనిపిస్తే కిటికీకి దూరంగా జరగండి అని ఒక బాక్స్ కట్టి వేస్తే అది నిజంగా పనికొచ్చే వార్త.

ఇంక పర్సెంటేజీల గోల. 2024 డిసెంబర్ చివర్లో కనిపెట్టిన 2024 వైఆర్4 అనే గ్రహశకలానికి, 2032లో భూమిని గుద్దే ఛాన్స్ మొదట 1 శాతం అన్నారు, ఫిబ్రవరిలో 3.1 శాతం అన్నారు, వారం తిరిగేసరికి దాదాపు సున్నా అన్నారు. జనం ఏమనుకున్నారు, సైంటిస్టులకే క్లారిటీ లేదు, లేదా ఏదో దాస్తున్నారు అని. నిజానికి అది అలాగే పెరిగి తగ్గాలి. కొత్తగా దొరికిన రాయిని కొద్ది రాత్రులే చూసి ఉంటారు కాబట్టి ఎనిమిదేళ్ళ తర్వాత అది ఎక్కడ ఉంటుందో ఖచ్చితంగా చెప్పలేరు, ఇక్కడి నుంచి ఇక్కడిదాకా ఎక్కడైనా ఉండొచ్చు అని ఒక పొడవాటి గీత వస్తుంది, ఆ గీతలో భూమి ఒక చిన్న ముక్క. చూసే కొద్దీ గీత పొట్టిదవుతుంది, భూమి సైజ్ మాత్రం మారదు కదా, గీత పొట్టిదయ్యే కొద్దీ అందులో భూమి వాటా పెరుగుతుంది, శాతం పైకి పోతుంది. ఇంకొన్ని రాత్రులు చూశాక గీత ఇంకా కుంచించుకుపోయి భూమిని వదిలి పక్కకి పోతుంది, శాతం ఒక్కసారిగా పడిపోతుంది. 2004లో అపోఫిస్ అనే గ్రహశకలానికి కూడా ఇదే జరిగింది, 2.7 శాతం దాకా వెళ్ళి పడిపోయింది. శాతం పెరిగిన రోజు మొదటి పేజీలో వేసి, పడిపోయిన రోజు లోపలి పేజీలో రెండు లైన్లు వేస్తే పాఠకుడి బుర్రలో భయమే మిగులుతుంది సార్.

దూరం ఎలా తెలుస్తుంది అని పిల్లలు అడుగుతారు, అది కూడా ఒకసారి రాయండి. చెయ్యి చాపి బొటనవేలు పెట్టుకుని ఒక కన్ను మూసి చూసి, తర్వాత రెండో కన్నుతో చూస్తే వేలు పక్కకి జరిగినట్టు ఉంటది, నక్షత్రాలకీ అంతే, ఈ కంటికీ ఆ కంటికీ మధ్య దూరానికి బదులు ఆరు నెలల తేడాలో భూమి ఉన్న రెండు చోట్లు, మధ్యలో 30 కోట్ల కి.మీ. అంత తేడా ఉన్నా నక్షత్రం జరిగేది వెంట్రుకవాసి కూడా కాదు, అందుకే 1838లో బెస్సెల్ అనే జర్మన్ శాస్త్రవేత్త 61 సిగ్ని అనే నక్షత్రానికి కొలిచేదాకా ఎవరివల్లా కాలేదు. 2013లో పంపిన గయా అనే శాటిలైట్ 180 కోట్ల దాకా నక్షత్రాల చోట్లు నమోదు చేసింది, అందులో చాలావాటి దూరం ఈ పద్ధతిలోనే.

నెబ్యులా, అంటే అంతరిక్షంలో ఉండే గ్యాస్, దుమ్ము మబ్బు, దాని ఫొటో వేసి కింద గెలాక్సీ, అంటే మన పాలపుంత లాంటి నక్షత్రాల గుంపు అని, గెలాక్సీ ఫొటో వేసి సౌర కుటుంబం అని రాయడం గురించి మాత్రం నేను మిమ్మల్ని గట్టిగా ఏమీ అనలేను, ఎందుకంటే వందేళ్ళ కిందట పెద్దపెద్ద వాళ్ళకే ఆ తేడా తెలియదు. ఆండ్రోమెడాని అప్పట్లో నెబ్యులా అనే పిలిచేవాళ్ళు, టెలిస్కోప్‌లో మసక మబ్బులా కనిపించేది కాబట్టి. అది మన పాలపుంత లోపలి గ్యాస్ మబ్బా, లేక బయట ఉన్న ఇంకో పాలపుంతా అని 1920లో షాప్లీ, కర్టిస్ అనే ఇద్దరు ఖగోళ శాస్త్రవేత్తలు వాషింగ్టన్‌లో వాదించుకున్నారు, తేలలేదు. తేల్చింది మళ్ళీ దూరమే. హెన్రియెట్టా లీవిట్ అని ఒకావిడ, సెఫీడ్లు అనే కొన్ని నక్షత్రాలు వెలుగు పెరిగి తగ్గడానికి ఎంత టైమ్ తీసుకుంటాయో చూస్తే వాటి అసలు వెలుగు ఎంతో తెలిసిపోతుంది అని 1912లో చెప్పింది. అసలు వెలుగు తెలిసి, మనకి కనిపించే వెలుగు తెలిస్తే దూరం లెక్క కట్టొచ్చు. 1923 అక్టోబర్‌లో హబుల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఆండ్రోమెడా ఫొటో ప్లేట్ మీద ఒక చుక్క చూసి ముందు నోవా, అంటే ఉన్నట్టుండి భగ్గున వెలిగే నక్షత్రం, అనుకుని పక్కన ఎన్ అని అక్షరం రాశాడు, తర్వాత పాత ప్లేట్లతో పోల్చి చూస్తే అది వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉన్న సెఫీడ్ నక్షత్రం అని తేలింది, ఆ ఎన్ కొట్టేసి వీఏఆర్ (వేరియబుల్, అంటే వెలుగు మారేది) అని రాసి ఆశ్చర్యార్థకం పెట్టాడు. ఆ ప్లేట్ ఇప్పటికీ ఉంది. ఆ లెక్కతో ఆండ్రోమెడా మన పాలపుంతకి చాలా బయట అని తేలిపోయింది, ఇప్పటి లెక్క ప్రకారం 25 లక్షల కాంతి సంవత్సరాలు. మన పాలపుంత వెడల్పే దాదాపు లక్ష కాంతి సంవత్సరాలు. ఓరియన్ నెబ్యులా మాత్రం సుమారు 1,340 కాంతి సంవత్సరాల దూరంలో, మన పాలపుంత లోపలే, కొత్త నక్షత్రాలు పుట్టే గ్యాస్ మబ్బు. మీకు ఇంకో సంగతి, హబుల్ కనిపెట్టిన ఈ విషయం 1924 నవంబర్‌లో న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చింది, ఆయన పేరు స్పెల్లింగ్ తప్పు వేశారు. కాబట్టి పేపర్లలో అచ్చుతప్పులు కొత్త కాదు, నేను అడిగేది అచ్చుతప్పుల గురించి కాదు.

బ్లాక్‌హోల్ గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తా. అది వెలుగుని కూడా బయటికి పోనివ్వనంత గట్టిగా లాగే వస్తువే, కానీ అన్నిటినీ పీల్చేసే మిషన్ కాదు. సూర్యుడి స్థానంలో అంతే బరువున్న బ్లాక్‌హోల్ పెడితే చీకటి పడి గడ్డకట్టుకుపోతాం గానీ భూమి ఇప్పుడు తిరుగుతున్నట్టే తిరుగుతుంది, లోపలికి పోదు. ఆ బ్లాక్‌హోల్ వ్యాసార్ధం 3 కి.మీ మాత్రమే, ప్రమాదం అంతా దాని దగ్గరికి పోతేనే. మన పాలపుంత మధ్యలో 40 లక్షల సూర్యుళ్ళంత బరువున్నది ఒకటి ఉంది, దాని ఫొటో 2022 మే 12న విడుదల చేశారు, అది ఇక్కడికి సుమారు 26 వేల కాంతి సంవత్సరాలు. ఇక్కడ కూడా దూరమే చూసుకోవాలి.

చివరగా సున్నాల సంగతి. ఏజెన్సీ వార్తల్లో మిలియన్, బిలియన్ అని వస్తుంది, మీ సబ్ ఎడిటర్లు హడావిడిలో లక్షలు కోట్లలోకి మారుస్తారు, ఎక్కడో ఒక సున్నా ఎగిరిపోతుంది. విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్ళు. అందులో సున్నా పోయి 138 కోట్లు అయిందనుకోండి, భూమి వయసు 450 కోట్ల ఏళ్ళ పైన కాబట్టి తల్లికంటే బిడ్డ పెద్దదైపోతుంది. బిలియన్ అంటే 100 కోట్లు, మిలియన్ అంటే 10 లక్షలు అని డెస్క్ దగ్గర గోడకి ఒక కాయితం అంటిస్తే ఖర్చు కూడా లేదు.

ఇవన్నీ ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే 2029 ఏప్రిల్ 13న అదే అపోఫిస్ వస్తోంది. 300 మీటర్ల పైన ఉన్న రాయి, భూమి ఉపరితలానికి దాదాపు 32 వేల కి.మీ దూరంలోంచి పోతుంది, మన టీవీ శాటిలైట్లు తిరిగే 36 వేల కి.మీ కంటే దగ్గర. తగలదు, ఇంకో వందేళ్ళ దాకా ప్రమాదం లేదని 2021లో రాడార్‌తో కొలిచాకే చెప్పారు. యూరప్, ఆఫ్రికా, పశ్చిమాసియా వైపు వాళ్ళకి ఏ టెలిస్కోప్ లేకుండా చుక్క కదులుతూ పోతున్నట్టు కనిపిస్తుంది. తేదీ, ముందు నెల మొదలయ్యే పుకార్లు, రెండూ ఖాయం. కాబట్టి ఆ హెడ్డింగ్‌లోనే 32 వేల కి.మీ అని, తగలదు అని వెయ్యండి, కింద ఏ దేశం వాళ్ళకి ఎన్ని గంటలకి ఏ దిక్కున కనిపిస్తుందో చిన్న మ్యాప్ ఇవ్వండి, ఆ రోజు పేపర్ నేను రెండు కాపీలు కొంటా.

ఇట్లు,
మీ పాత పాఠకుడు